వివరాలు చెప్పినది భర్త

ఆ పిల్ల డాక్టరు తలుపు దగ్గరగా లాగి వెళ్ళింది. గడియ పడలేదు. "పెద్ద డాక్టరు గారికి చెప్పి వస్తాను బాబాయి గారూ. తర్వాత ఇద్దరం కలిసి చూస్తాం. ఈలోగా కోటు తీసి ఆ మంచం మీద కూర్చోండి" అంది. బాబాయి గారట. డాక్టరు చుట్టరికం కలిపిందంటే జబ్బు పెద్దదే అయుంటుంది. కోటు తియ్యను. తీస్తే దొరికిపోతాను. కుడి జేబులో రెండు కిలోలు, ఎడమ జేబులో రెండు కిలోలు. తూకం రాళ్ళు. పేరుకి రాళ్ళేగాని ఇనుము. పొద్దున ఇంట్లో వేసుకున్నప్పుడు బాగానే ఉంది. ఇప్పుడు రెండు భుజాలకీ చెరోపక్క ఎవరో వేలాడుతున్నట్టుంది. బయట నర్సు తూకం ఎక్కమన్నప్పుడు కోటు తీసెయ్యమంది. చలి అన్నాను. నా వెనక ఇంకా పదిమంది ఉన్నారు. సరే కానివ్వండి అంది. ముల్లు అరవై ఆరు దగ్గర ఆగింది. రెండేళ్ళ కిందటి కాగితంలో డెబ్బై ఒకటి. అయిదు తగ్గారే అంది. వయసు అన్నాను. అసలు సంగతి అరవై రెండు. మొన్న పిండిమర దగ్గర కాటా మీద నుంచుని చూసుకున్నాను. మరవాడు నవ్వాడు, ఏంటి పెద్దాయనా, నిన్ను కూడా ఆడించమంటావా అని. నేను నవ్వలేదు. ముల్లు వంకే చూస్తూ నిలబడ్డాను. ముప్ఫై ఆరేళ్ళు లారీలు తూచినవాణ్ణి. ముల్లు చూసి ఎప్పుడూ భయపడలేదు. మొన్న భయం వేసింది.

గది చిన్నది. మంచం, దాని మీద పరిచిన తెల్ల కాగితం, చేతులు కడుక్కునే తొట్టి, చక్రాల బల్ల, గోడవార ఒక కుర్చీ, పొట్టి స్టూలు. అల్మారా మీద ప్లాస్టిక్ మనిషి. నడుము పైభాగమే. ముందరి తొక్క తలుపు తీసినట్టు తీసేశారు, లోపల అన్నీ రంగురంగులుగా ఉన్నాయి. గొంతు నుంచి కడుపు దాకా ఒక గొట్టం, చూపుడు వేలంత. ఇంతేనా. ఈ సన్నటి దారిలోంచేనా అరవై తొమ్మిదేళ్ళ తిండి దిగింది. దాని వంక చూడకూడదని గోడకేసి తిరిగాను. కళ్ళు మళ్ళీ అక్కడికే పోతాయి, పుండు మీదికి ఈగ పోయినట్టు. మొదట రొట్టె. ఎండు ముక్క ఒకటి రొమ్ము ఎముక వెనకాల ఆగింది. నీళ్ళు తాగితే దిగింది. ఆత్రం అనుకున్నాను. తర్వాత కూరముక్క. తర్వాత అన్నం. ఇప్పుడు గంజి, అది కూడా గుక్కకీ గుక్కకీ మధ్య ఆగి, దిగిందా లేదా అని లోపలికి చెవి పెట్టి. ఆగినప్పుడు నొప్పి కాదు. నొప్పయితే నయం. ఎవరో లోపలి నుంచి అరచెయ్యి అడ్డం పెట్టి, ఇక్కడిదాకే, అన్నట్టుంటుంది. ఆ పిల్ల ఏమైందని అడిగితే జలుబు, గొంతు గరగర అని చెప్పాను. ఎన్నాళ్ళ నుంచి అంది. నాలుగు రోజులు అన్నాను.

నాలుగు రోజులు. కావాలనే అన్నాను. దాని మొహంలోకి చూసి అన్నాను. కలం ఆగింది. గుర్తొచ్చిందో లేదో తెలీదు, అర నిమిషం ఆగి మళ్ళీ కదిలింది. భోజనం బాగా వెళ్తోందా. వెళ్తోంది. నీరసం. లేదు. రాత్రి నిద్ర. పడుతోంది. వరసగా అబద్ధాలు, ఒక్కటీ తడబడలేదు. నేను పెట్టిన పరీక్ష అది. రాసేవాళ్ళకి తెలియని పరీక్ష. నాకూ ఇలాగే పెట్టేవాళ్ళు లారీ డ్రైవర్లు. సీటు కింద బండలు దాచుకుని కాటా ఎక్కేవాళ్ళు, పీపాల నిండా నీళ్ళు పోసుకుని ఎక్కేవాళ్ళు, ఒకడైతే బామ్మర్దిని గోతాల మధ్య పడుకోబెట్టి ఎక్కాడు. నేను ముల్లు చూసేవాణ్ణి కాదు. టైర్లు చూసేవాణ్ణి. బండి కింద కమాన్లు బరువుకి వంగిన తీరు చూసేవాణ్ణి. దించరా అనేవాణ్ణి. ఇంకేం దించమంటావన్నా, నా చొక్కానా అనేవాడు వాడు. చొక్కా ఉంచుకో, బామ్మర్దిని దించు అనేవాణ్ణి. ముల్లు ఎవడైనా చదువుతాడు. బండిని చదవడం వేరు. ఈ పిల్ల డాక్టరైతే నన్ను చదవాలి. బెల్టుకి మేకుతో పొడిచిన కొత్త కన్నాలు రెండున్నాయి. చొక్కా మెడ దగ్గర నాలుగు వేళ్ళు దూరతాయి. చెంపలు లోపలికి పోయాయి. ఇవన్నీ దాని కళ్ళెదురుగా పెట్టాను, నోటితో మాత్రం నాలుగు రోజుల జలుబు అని చెప్పాను. ఈసారి కూడా నోటిమాటే రాసుకుని గొంతు మాత్రలిచ్చి పంపిస్తే నేను గెలిచినట్టు. అప్పుడు చేసింది ఇదే, ఇప్పుడు చేసింది ఇదే, చూడండి అని చూపించొచ్చు. ఎవరికి చూపిస్తాను. ఈ లోపల ఉన్నది నేననుకుంటున్నదే అయితే, గెలిచేసరికి నేనుండను. పట్టుకుంటే ఓడిపోతాను, జబ్బు నిజమవుతుంది. పట్టుకోకపోతే గెలుస్తాను, చస్తాను. ఇంత తెలివైన పందెం మా ఇంటావంటా ఎవరూ వేసుండరు.

ఇది పెద్దాసుపత్రి కాదు. క్లినిక్కు. డాక్టర్లు ఇక్కడ తయారవుతారు. చదువైపోయిన పిల్లల్ని తీసుకొచ్చి మూడేళ్ళు ఇక్కడ కూర్చోబెడతారు. వచ్చిన మొదటి వారంలోనే ఒక్కొక్కళ్ళకి ఇన్ని కుటుంబాలని అప్పజెబుతారు, మొక్కలు పంచినట్టు. ఆ ఇంటి ముసలాయన మోకాలు వాళ్ళదే, ఆ ఇంటి కోడలి కానుపు వాళ్ళదే, పసిపిల్ల దగ్గు వాళ్ళదే. వార్డుల్లో మంచాలు చూసి నేర్చుకునే చదువు కాదట, మనుషుల్ని మళ్ళీ మళ్ళీ చూసి నేర్చుకునే చదువట. ముందు పిల్ల డాక్టరు చూస్తుంది. బయటికెళ్ళి పక్కగదిలో పెద్ద డాక్టరుకి అప్పజెబుతుంది, బళ్ళో మేం ఎక్కాలు అప్పజెప్పినట్టు. ఆయన నాలుగు ప్రశ్నలేస్తాడు. తర్వాత ఇద్దరూ వస్తారు. మంచి పద్ధతే అంటారు అందరూ. వందమందిని చంపితేగాని వైద్యుడు కాడని సామెత. నా పెళ్ళాం ఆ వందలో ఎన్నోది. మొదటిదే అయుంటుంది. ఆ పిల్ల వచ్చి అప్పటికి మూడు నెలలు.

పక్కగదికీ దీనికీ మధ్య చెక్క గోడ. మాటలు వినిపిస్తాయిగాని తెలియవు, నీళ్ళలో మునిగి విన్నట్టు. పెద్ద డాక్టరు గొంతు బొంగురు. ఎవరో నవ్వారు. నా గురించేనా. నా గురించి నవ్వడానికేముంది. ఉంది, జేబుల్లో ఇనుము వేసుకుని తూకం ఎక్కిన కాటామనిషి గురించి నవ్వకపోతే ఎవరి గురించి నవ్వుతారు. కాదులే, ఇంకో కుర్ర డాక్టరు గొంతు. ఎవరి చెవిలోనో బఠాణీ గింజ అంట. బఠాణీ గింజ. అదృష్టవంతుడు. చెవిలో గింజ తీసి చేతిలో పెట్టి, ఇదిగో ఇదే నీ జబ్బు అని చూపించొచ్చు. నాది తీసి చూపిస్తారా. తీస్తే చిన్న గిన్నెలో వేస్తారు. మూత పెడతారు. నా పేరు రాసిన చీటీ అంటించి ఇంకో ఊరు పంపిస్తారు. అక్కడ ఎవడో నన్ను ఎప్పుడూ చూడనివాడు, చూసి, ఒక మాట రాస్తాడు. ఆ మాట తిరిగి వచ్చేదాకా నేను గంజి తాగుతూ కూర్చోవాలి, ఒక్కణ్ణే, ఆ వంటింట్లో, ఆవిడ కూలిపోయిన చోట.

తొమ్మిదో రోజు. ఈ క్లినిక్కుకి వచ్చి వెళ్ళిన తొమ్మిదో రోజు పొద్దున. ఆవిడ ఉల్లిపాయలు, బంగాళాదుంపలు అమ్మేది, మా ఇంటి ముందర బల్ల వేసుకుని. నేను టన్నులు తూచేవాణ్ణి, ఆవిడ కిలోలు తూచేది. నాది ఖచ్చితమైన తూకం. ఆవిడది మొగ్గు. కిలో అంటే కిలో మీద ఇంకో ఉల్లిపాయ వేసేదాకా చెయ్యి తీసేది కాదు. ఇలా అయితే తక్కెడెందుకు, దోసిళ్ళతో పంచెయ్యి అనేవాణ్ణి. మీ కాటా మీద మనుషులు ఎక్కరు కదా, మీకేం తెలుసు అనేది. ఈ రెండు రాళ్ళూ ఆవిడవే. అంచులు అరిగాయి ఆవిడ వేళ్ళకి. పొద్దున పెట్టె తీసి వీటిని జేబుల్లో వేసుకుంటున్నప్పుడు ఒక్క క్షణం, ఆవిడ చూస్తే ఏమంటుంది అనిపించింది. వెంటనే ఆ ఆలోచన మూసేశాను. మూసేస్తే మూసుకుంటుందా. ఆవిణ్ణి ఇక్కడికి తీసుకొచ్చిన వేళ కూడా ఇదే గది. కాదు, దీని ఎదురు గది. అక్కడ ప్లాస్టిక్ మనిషి లేడు. ఆవిడ మంచం మీద కూర్చుంది, కాళ్ళు నేలకి అందక చిన్నపిల్లలా. నేను కుర్చీలో. ఆ పిల్ల కొత్త తెల్ల కోటు, మడతలు కూడా పోలేదు. ఏం అమ్మా అంది. వీపులో, రెండు రెక్కల మధ్య, బరువుగా ఉంటోంది, మెట్లెక్కితే ఆయాసం అంది మా ఆవిడ. ఎన్నాళ్ళ నుంచమ్మా అని అడిగింది. ఆవిణ్ణే అడిగింది. ఆవిడ వైపు తిరిగే అడిగింది.

నాలుగు రోజులు అన్నాను నేను. దుంపల బస్తా ఎత్తింది, పట్టేసింది, గ్యాస్ కూడా ఉంది ఆవిడకి, అన్నాను. ఆవిడ నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. ఆ తెరిచిన నోరు నేను చూశాను. చూడలేదని రెండేళ్ళుగా చెప్పుకుంటున్నాను. చూశాను. నాకు ఆ మధ్యాహ్నం కాటా దగ్గర పాత మేనేజరుతో పనుంది, తొందరగా తేలితే బాగుండుననుకున్నాను. అన్ని ప్రశ్నలకీ నేనే చెప్పాను. తిండి తింటుంది. నిద్రపోతుంది. చెమటలా, పనిచేసేవాళ్ళకి పట్టవా. ఆ పిల్ల నా మాటలే రాసుకుంది, పక్కగదికి పోయి నా మాటలే అప్పజెప్పింది, పెద్ద డాక్టరు వచ్చి వీపు నొక్కి చూసి నా మాటలకే తల ఊపాడు. నొప్పి బిళ్ళలు, పూతమందు. ఇంటికొచ్చే బస్సులో ఆవిడ కిటికీలోకి చూస్తూ అంది, నాలుగు రోజులు కాదండీ, చలి మొదలైనప్పట్నుంచీ ఉంది. అంటే రెండు నెలలు. నాకు ఒళ్ళు మండింది. మరి అక్కడ చెప్పి ఏడవచ్చుగా, నోట్లో ఏం పెట్టుకున్నావ్ అన్నాను. మీరు చెప్పేశారుగా అంది. కోపంగా అనలేదు. ఉల్లిపాయలు అయిపోయాయండీ, రేపు రండి అని చెప్పినట్టు అంది. బస్సు అప్పటికి మూడు స్టాపులే దాటింది. దిగొచ్చు. వెనక్కి పోవచ్చు. సరే, ఈ బిళ్ళలతో తగ్గకపోతే మళ్ళీ వద్దాంలే అన్నాను. బస్సు పోయింది.

ఆవిడ పోయాక, గుండె అన్నారు. ఆడవాళ్ళకి ఇలాగే వస్తుంది ఒక్కోసారి, వీపులో, ఆయాసంగా, అన్నారు. నేను ఫిర్యాదు రాశాను. మూడు పేజీలు, ఒక్క కొట్టివేత లేకుండా. ముగ్గురు పెద్దవాళ్ళు కూర్చుని విచారించారు. ఆ పిల్ల నిలబడి, ఆవిణ్ణి అడిగాను, ఆవిడ జవాబు కోసం ఆగలేదు, తప్పు నాది అంది. ఎవరు చెప్పారో అనలేదు. ఒక్కసారి నా వైపు చూస్తుందేమో, చూస్తే ఇంత ఎత్తున లేద్దామనుకున్నాను. చూడలేదు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. తర్వాత కాగితాల నకలు అడిగి తెచ్చుకున్నాను. మొదటి పేజీలో పైనే ఉంది. వివరాలు చెప్పినది, ఆ పక్కన అచ్చువేసిన చుక్కలు, చుక్కల మీద ఆ పిల్ల గుండ్రటి రాత, భర్త. ఆ పిల్లకి తెలుసు. చేతిలో కాగితం ఉండి కూడా ఆ ముగ్గురి ముందూ చదవలేదు. అందుకు నాకు దాని మీద ఇంకా కోపం. నా తప్పు నా మొహాన కొట్టుంటే ఎదురు తిరిగేవాణ్ణి. దాచి పెట్టింది. దాచి పెట్టినదాంతో ఏం పోట్లాడతాం.

ఇవాళ నన్ను తీసుకొచ్చింది మా మరదలు. మా ఆవిడ చెల్లెలు, బళ్ళో పిల్లల బస్సు నడుపుతుంది. మొన్న ఆదివారం వచ్చి నేను తినడం చూసింది. చూసి గిన్నె పక్కకి లాగేసింది. "బావా, నీకు మెతుకు దిగట్లేదుగానీ మొండితనం మాత్రం ఎంతైనా దిగుతుంది" అంది. "గొంతు నొప్పే" అన్నాను. "నలభై మంది పిల్లల్ని తోలేదాన్ని. ఎవడు కడుపునొప్పని అబద్ధం చెప్తున్నాడో అద్దంలో చూసి చెప్తాను. బుధవారం పొద్దున్నే తయారుగా ఉండు." మరదలే ఫోను చేసింది, మరదలే టైము తీసుకుంది. మీ కుటుంబానికి ఇప్పటికీ ఆ డాక్టరమ్మేనండీ, మార్చమంటారా అని అడిగారట. వద్దని నేనే చెప్పాను. మరదలు వింతగా చూసింది. ఇక్కడికొచ్చాక నాతోపాటు లోపలికి రాబోతుంటే బల్ల దగ్గర కూర్చున్నావిడ ఆపింది. "ముందు పది నిమిషాలు పేషెంటు ఒక్కరేనండీ. తర్వాత పిలుస్తారు." "ఈయన నోరు తెరిస్తే గదా తల్లీ, నేను లేకపోతే గోడతో మాట్లాడుకోవాలి మీ డాక్టరమ్మ" అంది మరదలు. "రూలండీ. రెండేళ్ళయిందట పెట్టి, నేను చేరకముందే. ఎవరో మొగుడు అన్నిటికీ తనే జవాబు చెప్పేశాడట. పాపం ఆవిడ పోయింది." మరదలు "అయ్యో, అలాంటి మొగుళ్ళుంటారమ్మా" అంది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడట. నా భుజాల మీద నిజంగానే బరువుంది, తడుముకోవడానికి చెయ్యి కూడా లేవలేదు. మరదలికి తెలీదు. రెండేళ్ళు నాతోపాటు ఆ పిల్లని తిట్టింది. రేపు తెలిస్తే. ఈ గదికి నేను ఒక్కణ్ణే నడుచుకుంటూ వచ్చాను. తలుపు మీద కాగితం అంటించుంది, మీ మాట మీ నోటి నుంచే వినాలనుకుంటున్నాం అని. నన్ను బయట నిలబెట్టడానికి పెట్టిన రూలు. అది కాస్తా నన్నే లోపల కూర్చోబెట్టింది.

గొంతు. ఆ పిల్ల గొంతు. ఇప్పుడు తెలుస్తోంది, కుర్చీ గోడకి దగ్గరగా జరుపుకున్నాను. ఎప్పుడు జరుపుకున్నానో. "అరవై తొమ్మిదేళ్ళు సార్. భార్య పోయి రెండేళ్ళు. ఒక్కరే ఉంటారు." తర్వాత ఏదో. తర్వాత, "జలుబని చెప్పారు. నాలుగు రోజులని." పెద్ద డాక్టరు అంతే, చెప్పడు, అడుగుతాడు. "నువ్వేమనుకుంటున్నావ్?" అన్నాడు. నా రొమ్ము ఎముక వెనకాల అరచెయ్యి బిగుసుకుంది, ఏమీ మింగకపోయినా. జలుబే సార్ అను. అనేసెయ్. ఇంటికి పోతాను. మరదలికి చెప్తాను జలుబన్నారని. వంటింట్లో కూర్చుని గెలుస్తాను. వద్దు. అనకు. తల్లీ అనకు. "బెల్టు చూశాను సార్" అంది. "కొత్త కన్నాలున్నాయి. చొక్కా వేలాడుతోంది. తూకం మాత్రం అయిదు కిలోలే తగ్గిందంటోంది. ఆ కోటు కూడా ఏదోలా ఉంది, కూర్చున్నా కిందికి లాగుతోంది. ఆయన నోరు చెప్పేదొకటి, ఒళ్ళు చెప్పేదొకటి సార్." కుర్చీ కాళ్ళు నేల మీద రాసుకున్న చప్పుడు. లేచారు. వస్తున్నారు.

లేచాను. రాళ్ళు తీసెయ్యాలి. ఎక్కడ పెట్టాలి. కుడి జేబులోది ఇరుక్కుంది, అస్తరు చిరిగింది, వచ్చింది. ఎడమది. ఇనుముతో ఇనుము తగిలి గంట కొట్టినట్టయింది. చెత్తబుట్టలో వేస్తే అడుగు మోగుతుంది. తొట్టిలో కనబడతాయి. మంచం మీద కాగితం కింద పెడితే దాని మీదే పడుకోమంటారు. అల్మారా తలుపుకి తాళం. ప్లాస్టిక్ మనిషి కడుపులో ఖాళీ ఉంది. నిజంగా అక్కడ పెడదామనుకున్నాను. రెండడుగులు వేశాను. అరవై తొమ్మిదేళ్ళ మనిషిని, వందల మంది దొంగల చేత బండలు దింపించినవాణ్ణి, పెళ్ళాం తూకం రాళ్ళు రెండు చేతుల్లో పట్టుకుని బొమ్మ కడుపులో దాచబోతున్నాను. తలుపు తెరుచుకుంది.

ఆ పిల్ల చూసింది. ముందు రాళ్ళు, తర్వాత కోటు, తర్వాత నా మొహం. అదే వరసలో, నేను టైర్లు, కమాన్లు, డ్రైవరు మొహం చూసినట్టు. దించరా అంటుందనుకున్నాను. వెనక పెద్ద డాక్టరు, గోడకి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు, రాళ్ళ వంక చూసి కళ్ళు పక్కకి తిప్పుకున్నాడు. నిలబడే ఉన్నాను. రెండు చేతుల్లో చెరో రెండు కిలోలు, ఖాళీ మనిషికి సరిసమానంగా. ఆ పిల్ల పొట్టి స్టూలు లాక్కుని దాని మీద కూర్చుంది. నాకంటే కిందికి వచ్చింది. కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది, కలం తియ్యలేదు. చేతులు లాగుతున్నాయి. రాళ్ళు బల్ల మీద పెట్టాను, ఒకటి, రెండోది. అప్పుడు అడిగింది.

"బాబాయి గారూ, పిన్నిగారు ఇవాళ మీతో వచ్చి, ఆ కుర్చీలో కూర్చుని ఉంటే, మీ గురించి నాకేం చెప్పేవారు?"

ఆ కుర్చీ. గోడ దగ్గరికి నేను జరుపుకున్న కుర్చీ. ఖాళీగా ఉంది. నాకు ఆ పిల్లని కొట్టాలనిపించింది. ఆవిడ పేరెత్తడానికి నీకేం హక్కుంది అందామని నోరు తెరిచాను. తెరిచిన నోరు మూసుకోలేదు. ఆవిడ ఇలాగే తెరిచింది. ఆవిడైతే ఏం చెప్పేది. నన్ను ఇంత కూడా వదిలేది కాదు, అన్నీ చెప్పేది, మొగ్గు వేసి మరీ చెప్పేది.

"గంజి తాగుతున్నాడమ్మా అనేది" అన్నాను. "గిన్నెడు గంజికి ముప్పావు గంట కూర్చుంటాడు, ఎవరైనా వస్తే తిన్నట్టు నటిస్తాడు అనేది. బెల్టుకి మేకు పెట్టి కన్నాలు చేసుకుంటున్నాడు అనేది. రాత్రి పడుకుంటే పైకి తన్నుకొస్తుందని కూర్చునే నిద్రపోతున్నాడు. భయపడుతున్నాడు, అడిగితే కసురుతాడు, అనేది. నా రాళ్ళు జేబులో వేసుకొచ్చాడు చూడమ్మా సిగ్గులేకుండా, అనేది."

ఎవరూ నవ్వలేదు.

"ఎన్నాళ్ళ నుంచని చెప్పేవారు?"

ఎంత మెల్లగా అడిగిందంటే, జవాబు చెప్పకపోయినా పరవాలేదన్నట్టు. ఎంతసేపైనా కూర్చుంటానన్నట్టు. ఇది రెండేళ్ళలో నేర్చుకుంది. ఎవరి మీద నేర్చుకుందో నాకు తెలుసు, దానికి తెలుసు. క్షమించలేదు. ఆ మాట ఇక్కడే చెప్తున్నాను. దాన్నీ క్షమించలేదు, నన్నూ క్షమించలేదు. కానీ బస్సు నా కళ్ళ ముందు ఆగి ఉంది, మూడో స్టాపు దగ్గర, తలుపు తెరుచుకుని.

"నాలుగు రోజులు కాదు" అన్నాను. "చలి మొదలైనప్పట్నుంచీ."

తల దించుకుంది. అప్పుడు కలం తీసి నాలుగు రోజులన్నచోట ఒక గీత గీసింది. పైన వివరాలు చెప్పినది పక్కన చుక్కలున్న చోట కలం కాసేపు ఆగింది. తలకిందులుగా చదివాను, ముప్ఫై ఆరేళ్ళు కిటికీ అవతలి నుంచి చీటీలు చదివినవాణ్ణి. రోగి అని రాసింది.

కోటు తీశాను. మంచం ఎక్కితే కాగితం చిరిగింది. ఆ పిల్ల చేతులు కడుక్కుని, రుద్దుకుని, వేడి చేసుకుని వచ్చింది. మెడ పక్కన వేళ్ళు పెట్టింది. దవడ కింద. చెవి వెనక. కిందికి వచ్చాయి వేళ్ళు, నెమ్మదిగా, కళ్ళు మూసుకుని తాడు వెతుక్కుంటున్నట్టు. కుడి మెడ ఎముక మీద, గుంటలో. ఏమీ లేదు. ఎడమ మెడ ఎముక మీద, గుంటలో. ఆగాయి. ముందుకి పోలేదు, వెనక్కి రాలేదు. ఒక వేలు అదే చోట, బఠాణీ గింజంత గట్టిదాని చుట్టూ, గుండ్రంగా తిరిగింది. దాని మొహం చూశాను. రెండేళ్ళలో చాలా నేర్చుకుంది గానీ మొహం దాచుకోవడం ఇంకా నేర్చుకోలేదు.

"సార్" అంది. పెద్ద డాక్టరు గోడ వదిలి కదిలాడు.

"ఆగండి" అన్నాను. ఆయన ఆగాడు. "ముందు నాకు చెప్పు డాక్టరమ్మా. నీ వేలి కింద ఏముంది?"

వేలు తియ్యలేదు. నాకు చెప్పడానికి, ఆయనకి కాదు, నా వైపు వంగింది.